గువ్వలచెరువు కనుమలో ఆగిన బస్సులు

కుర్చీ చూపించినా షబ్బీర్ కూర్చోలేదు. గుడ్డసంచిలోంచి గాజుసీసా తీసి బల్ల మీద పెట్టాడు. అది దొర్లిపోతుందేమో అన్నట్టు దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"మేడం, ఇందులో తప్పేమన్నా ఉండాదేమో మీరు చూడండి. నాకు కనపడలా. నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది."

కృపారాణి సీసాను కిటికీ వైపు ఎత్తింది. లోపల తేనె రంగు ద్రవం మెడ దాకా ఉంది. అడుగున మడ్డి లేదు. సీసాలోంచి కిటికీ కమ్ములు కనపడుతున్నాయి.

ఆమె ఆఫీసు కల్లూరులో ఒక బట్టల కొట్టు పైన ఉంది. ప్రైవేటు డిటెక్టివ్ కాకముందు ఆమె బీమా కంపెనీలకు సర్వేయరు. కాలిపోయిన లారీలు, పగిలిన బాయిలర్లు చూసి, అవి ఎందుకు అలా అయ్యాయో చెప్పేది. సహాయకుడు ఏసన్న అప్పట్లో ఫొటో స్టూడియో నడిపేవాడు. అది మూతపడ్డాక ఈమె దగ్గర చేరాడు. కారు నడుపుతాడు, ఫొటోలు తీస్తాడు. ఆమె చూసేవన్నీ తనకూ కనపడతాయని, అవి ఏం చెబుతాయో మాత్రం ఆమెకే తెలుస్తుందని అందరితో అంటుంటాడు.

"మొదట కూర్చోండి. ఇది ఏమిటి?"

"బయోడీజిల్. బజ్జీల బండ్ల దగ్గర, హోటళ్లలో వాడి పారేసే నూనె కొంటాం. దాన్ని డీజిల్ మాదిరి చేస్తాం. ఓర్వకల్లు దగ్గర ఫ్యాక్టరీ. నేను మేనేజర్ని."

"ఎన్నాళ్ల నుంచి ఈ పని?"

"మెకానికల్ ఇంజనీరింగ్ అయినప్పట్నుంచీ ఇదే." షబ్బీర్ ఇప్పుడు కూర్చున్నాడు. "మొదట జట్రోఫా కంపెనీ. బీడు భూముల్లో అడవి ఆముదం పండుతుంది, దాంతో లారీలు నడుస్తాయి అన్నారు. చెట్లు పెరిగినాయి, కాయలు కాయలా. కంపెనీ పోయింది. తర్వాత కానుగ గింజల మిల్లు. అదీ పోయింది. తర్వాత ఇంకోటి. నేను యాడ చేరితే ఆడ తాళం పడుతుందని మా తమ్ముళ్లు నవ్వుతారు. జట్రోఫా పోయినప్పుడే మానేసుండాల. ఒక పల్లెలో నా చేత్తో ఒక ఇంజను తిరిగింది. అందుకే మానలా. ఇప్పుడు ఈ ఫ్యాక్టరీ ఒక్కటి నిలబడింది మేడం. పోయిన కంపెనీల్లో నాకు పని నేర్పినోళ్లు శానామంది ఉండారు. వాళ్లందరికీ నేను చూపించుకునేది ఇదొక్కటే."

"మరి ఏం జరిగింది?"

రాయచోటిలో శివజ్యోతి అనే ఆమె బస్సుల కంపెనీ నడుపుతుంది. మూడు బస్సులకు ముందుగా బయోడీజిల్ వాడి చూస్తానని, బాగుంటే అన్నిటికీ తీసుకుంటానని ఒప్పుకుంది. దానికోసం షెడ్డులో ఒక పాత ఇనప ట్యాంకు కేటాయించింది. ఓర్వకల్లు నుంచి ట్యాంకరు వెళ్లింది. మూడో రోజు ఆ మూడు బస్సులూ గువ్వలచెరువు కనుమ ఎక్కుతూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. అన్నిట్లో మనుషులున్నారు.

"ఎవరికైనా దెబ్బలు?"

"అల్లా దయ, ఎవరికీ ఏం కాలా. ఒక బస్సు మలుపులో నిలిచిపోయింది. వెనకాల లారీ ఆయన బ్రేకు కొట్టి ఆపుకున్నాడు. ఆయన నంబరు కనుక్కోని ఫోన్ చేసి చెప్పినా, నీ పుణ్యమే అప్పా అని."

ఏసన్న తల ఎత్తి షబ్బీర్ వైపు చూశాడు. ఆ గదిలోకి వచ్చేవాళ్లు మామూలుగా ఎవరిని తిట్టాలో చెబుతారు.

"ఫిల్టర్లు విప్పితే సబ్బు మాదిరి తెల్లటి జిగురు ఉందంట. ట్యాంకరు వచ్చిన రోజు అందరి ముందర రెండు సీసాలు నింపుతాం. మూత పెట్టి, పైన గుడ్డ కట్టి, లక్క పోసి ముద్ర వేస్తాం. ఒకటి మాకు, ఒకటి వాళ్లకి. ఇది మాది. ముద్ర నేనే తీసి చూసినా, ఆగలేక. వాళ్ల సీసా ముద్ర తియ్యలా. గాజులోంచి చూపించినారు. అడుగున తెల్లగా పేరుకోని ఉంది. మేడం, నేను పంపింది అదే అయితే తప్పు నాదే."

"మీ సీసాను మీరు మార్చి తెచ్చారని ఎవరైనా అనొచ్చు."

"శివజ్యోతిగారు అనేశారు. సోమవారం ఆ సీసా సాక్షుల ముందర తెరిచి, పోలీసులకిస్తానన్నారు. మా పార్ట్‌నర్లు ఆ రోజుతో నన్ను దిగిపొమ్మన్నారు. ఫ్యాక్టరీ అమ్మేస్తారంట. ఆ మచ్చతో నన్ను ఈ పనికి ఇంకెవరు పిలుస్తారు?"

"సబ్బు ఎందుకు వస్తుంది?"

"నూనెలో మిథనాలు, కాస్టిక్ సోడా వేసి కలుపుతాం. గ్లిజరిన్ కిందికి దిగుతుంది, పైన తేలేది ఇంధనం. దాన్ని కడిగి, కాచి, సోడా లేకుండా, తేమ లేకుండా చేస్తాం. సోడా, నీళ్లు రెండూ దానికి తగిలినాయంటే సబ్బయిపోతుంది. మా పనంతా అది సబ్బు కాకుండా చూసుకునేదే."

కృపారాణి సీసాను అతనికి తిరిగి ఇచ్చింది. "ఈ రోజు శనివారం. మీ ఫ్యాక్టరీ చూడాలి."

*

ఫ్యాక్టరీ గేటు దాటగానే ఉగ్గాని బజ్జీల హోటల్లోకి వచ్చినట్టుంది. ఏసన్న అక్కడే నిలబడి గాలి పీల్చాడు.

"పొద్దున ఏమీ తినకుండా వచ్చినా మేడం. ఇది అన్యాయం."

"బస్సు పొగ గూడా ఇదే వాసన వస్తుంది," అన్నాడు షబ్బీర్. "వెనకాల పోయే మోటారుసైకిళ్లోళ్లు తిట్టుకుంటారు, ఆకలైతాందని."

కృపారాణి ట్యాంకుల మధ్య నడిచింది. గొట్టాలన్నీ ప్లాస్టిక్‌వో, ఉక్కువో. సీసాల బీరువాలో ప్రతి సీసాకీ నీలం ప్లాస్టిక్ మూత ఉంది.

"మామూలు రబ్బరు పైపు ఒక్కటి కూడా లేదే?"

షబ్బీర్ తన బల్ల సొరుగులోంచి ఒక వాచరు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఉబ్బి, వంకర తిరిగి, అది వాచరని చెబితే తప్ప తెలిసేలా లేదు.

"జట్రోఫా కంపెనీ మొదటి ట్యాంకుకు రబ్బరు వాచర్లు వేసినారు. నాలుగు దినాలకు పూరీ మాదిరి పొంగినాయి. ట్యాంకు సగం నేలపాలైంది. ఫిట్టరు అల్లా బాషా ఇది నాకిచ్చి, దాచుకోరా, ఇదే నీ డిగ్రీ అన్నాడు. ఆయన పోయి శానా ఏండ్లయింది. మామూలు రబ్బరును ఈ నూనె ఊరికే వదలదు మేడం. అందుకే గేటు లోపలికి రానీను."

ట్యాంకరు డ్రైవరు తౌఫీక్ నీడలో కూర్చుని ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి. తననే అనుమానిస్తారని అతను ముందే తయారుగా ఉన్నాడు.

"దారిలో ఎక్కడ ఆగావు?" అంది కృపారాణి.

"గువ్వలచెరువులో. కోవా తిన్నా. నూనె తాగలా."

"ట్యాంకరు సీళ్లు?"

"రాయచోటి షెడ్డులో రంగస్వామి సారే కోసినాడు, మేనేజరు. పైదీ కిందిదీ చూసుకోని కోసినాడు. అడగండి పోయి."

"సీసాలకు మూతలు ఎవరు పెట్టారు?"

"నేనే. ఈడనుంచి తీసుకుపోయిన నీలం మూతలు. లక్క మాత్రం వాళ్లది. బస్సులో పార్సిళ్లు పంపుతారు గదా, ఆ లక్క, ఆ ముద్ర."

"మళ్లీ ఆ షెడ్డుకు వెళ్లావా?"

"ఎవరు రానిస్తారు? ఆ దినం నుంచి మా వాళ్ల నీడ గూడా పడనీలే."

ఏసన్న కారులో కూర్చున్నాక అడిగాడు. "డ్రైవరు మీద అనుమానం ఉండాదా మేడం?"

"కోవా తిన్నాననే మాట నిజమే. అంగీ మీద మరక ఇంకా ఉంది."

*

ఆదివారం పొద్దున కడప దాటి కనుమ ఎక్కి రాయచోటి చేరారు. శివజ్యోతి షెడ్డులోనే ఉంది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఒక్క బస్సుతో మొదలుపెట్టి సంస్థను ఇంతకు తెచ్చింది. టీ తెప్పించింది.

"షబ్బీరు మంచోడని అందరూ చెప్తాండారు," అంది. "నేనూ అట్లే అనుకున్యా. కానీ మలుపులో ఆగిన బస్సులో పిల్లలుండారు. నాకు నిద్ర పట్టడంలా. చూసుకోండి, ఏం చూస్తారో. సీసా మాత్రం రేపు అందరి ముందరే తెరవాల."

ఏసన్న ఒక గుక్క తాగి గ్లాసును కిటికీలో పెట్టాడు. గ్లాసు లోపలంతా తెల్లటి పొర కట్టి ఉంది.

"బోరు నీళ్లు," అంది శివజ్యోతి. "మా ఊళ్లో టీ కాచే కెటిలు ఆరు నెలలు రాదు. సబ్బు రుద్దితే నురగ రాదు, జిడ్డు కట్టుకుంటుంది."

రంగస్వామి తాళాల గుత్తితో వచ్చాడు. షెడ్డు మేనేజరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఉక్కుబీరువా తెరిచి సీసా చూపించాడు. అడుగున తెల్లటి మడ్డి, పైన మబ్బు పట్టినట్టున్న నూనె. మూతి మీద గుడ్డ, దాని చుట్టూ ఎర్ర లక్క. లక్క రెండు చోట్ల పగిలి ఉంది. గుడ్డ మధ్యలో పైకి లేచి ఉంది.

"ఈ లక్క ఎప్పుడు పగిలింది?"

"ఎండలకు మేడం. బీరువా ఇనపది గదా, కాగిపోతాది. ముద్ర మాత్రం చూడండి, చెక్కుచెదరలా."

ముద్ర నిజంగానే చెక్కుచెదరలేదు. ఏసన్న ఫొటోలు తీశాడు. గుడ్డ లేచిన చోట దగ్గరగా ఇంకొకటి తీయమంది కృపారాణి.

"ట్యాంకును ముందు శుభ్రం చేయించారా?"

"షబ్బీర్ సారు చెప్పినట్టే. డీజిల్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడవమన్నాడు. నీటిచుక్క తగలకూడదన్నాడు. దగ్గర నిలబడి తుడిపించినా."

"మీరే నిలబడ్డారా?"

"నేనే. అమ్మగారికి ఆ దినమే ఫోన్లో చెప్పినా."

"అవును, చెప్పినాడు," అంది శివజ్యోతి.

ట్యాంకు మూత ఎత్తి చూపించమంది కృపారాణి. లోపల నూనె మీద పాలమీగడలా పొర తేలుతోంది. తర్వాత షెడ్డంతా తిరిగింది. ఇంజన్ భాగాలు ఉడకబెట్టే తొట్టి, దాని పక్కన కాస్టిక్ సోడా డబ్బా. అవతల బ్యాటరీల గది. దానికి రంగస్వామే తాళం తీశాడు. ఆ గది తాళం, బీరువా తాళం ఒకే గుత్తిలో ఉన్నాయి. గోడ పక్కన అరలో బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసాలు వరసగా ఉన్నాయి. అన్నిటికీ నల్లటి రబ్బరు బిరడాలు. ఒక్క సీసా మూతికి మాత్రం చుట్టిన పాత పేపరు కుక్కి ఉంది.

ఆమె అక్కడ ఒక్క నిమిషం నిలబడి బయటికొచ్చింది.

"ట్యాంకు కడిగింది ఎవరు?"

"తిమ్మయ్య అని, క్లీనరు. బస్సు కింద ఉంటాడు చూడండి."

తిమ్మయ్య బస్సు కిందినుంచి బయటికి వచ్చి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. జుట్టు నెరిసింది. షబ్బీర్ పేరు వినగానే రంగస్వామి అవతలికి పోయేదాకా ఆగి దగ్గరికొచ్చాడు.

"ఆ సారు మాట పోయిందంట గదమ్మా. మీరేమన్నా చేయగలరా?"

"ఆయన నీకు తెలుసా?"

"తెలుసా అంటే. మా చేన్లో జట్రోఫా నాటించినారు. కాయలు కాయలా. నాటించినోడు ఒక్కడు మళ్లీ మొగం చూపలా. ఈ సారు ఒక్కడే వచ్చినాడు, సిగ్గుపడతా. అప్పుడు మా ఊరి బోరింజను నిలిచిపోయింది. డీజిల్ కొనేదానికి ఎవురి దగ్గరా ఏమీ లేదు. మూడు దినాలు ఈయప్ప మా ఊర్లోనే పండుకోని, ఆ ఇంజను కానుగ నూనెతో తిరిగేట్టు చేసినాడు. ఆ ఏడు మా గొడ్లు నీళ్లు తాగినాయంటే ఆయన దయే."

"ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనతో మాట్లాడావా?"

"గేటు కాడ నిలబడి చూసినా. పెద్ద ఆఫీసరు అయినాడు. గుర్తు పట్టడేమో అనుకున్యా."

"ట్యాంకు ఎలా కడిగావు తిమ్మయ్యా?"

అతని మొహం విప్పారింది. "ఆయన నూనె వస్తాందని తెలిసి అద్దం మాదిరి చేసినా. రంగస్వామి సారు శుభ్రంగా కడుగప్పా అని చెప్పి మదనపల్లెకు పెండ్లికి పోయినాడు. వేరే దానికైతే ఊరికే డీజిల్ పోసి దులిపేద్దును. దీనికి కాస్టిక్ కలిపి, లోపలికి దిగి, మూలమూలా తోమినా. ఆపైన బోరు నీళ్లు ఎన్ని బిందెలు పోసినానో. తుప్పు రవ్వ లేకుండా పోయింది."

"ఆరబెట్టావా?"

"అంత పొద్దు యాడ ఉండె? మర్నాడు తెల్లారే ట్యాంకరు వచ్చె. అడుగున చెయ్యి అందని కాడ రోంత నీళ్లు నిలిచినాయి. మంచి నీళ్లేలేమ్మా."

ఏసన్న కెమెరా దించేశాడు.

"రేపు పొద్దున నువ్వూ రావాలి," అంది కృపారాణి. "నేను చెప్పేది వినడానికి నీకు కష్టంగా ఉంటుంది. అయినా మధ్యలో లేచిపోవద్దు."

*

సోమవారం షెడ్డు ఆఫీసులో బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. శివజ్యోతి, రంగస్వామి, ఒక పక్క షబ్బీర్, అతని వెనక తౌఫీక్. తిమ్మయ్య కుర్చీ వద్దన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బల్ల మీద ముద్ర వేసిన సీసా, దాని పక్కన రెండు ఖాళీ గ్లాసులు.

"ముందు గ్లాసులు," అంది కృపారాణి. షబ్బీర్ తెచ్చిన సీసాలోంచి రెండింట్లోనూ కొంచెం కొంచెం పోసింది. "ఈ నూనె మంచిదా చెడ్డదా అని ఇప్పుడు అడగను. దీనికి ఏం చేస్తే ఏమవుతుందో చూద్దాం."

ఒక గ్లాసును అలాగే వదిలేసింది. రెండో దాంట్లో షెడ్డులోని కాస్టిక్ కలిపిన బోరు నీళ్లు కొన్ని చెంచాలు పోసి, మీద పళ్లెం మూసి బాగా కుదిపింది. నూనె మబ్బు పట్టింది. కొంతసేపటికి గ్లాసు గోడలకు తెల్లటి జిగురు అంటుకుంది.

శివజ్యోతి ముందుకు వంగింది. "ఫిల్టర్లలో ఉండింది ఇదే."

"ఇదే. మీ ట్యాంకును కాస్టిక్‌తో తోమారు. బోరు నీళ్లతో కడిగారు. అడుగున నీళ్లు మిగిలాయి. ఆ నీళ్ల మీద బయోడీజిల్ పడింది. మీ ఊరి నీళ్లు ఎలాంటివో మీరే చెప్పారు, సబ్బు నురగ రాదు, జిడ్డు కడుతుందని. మొదటి రెండు రోజులు బస్సులకు పైన ఉన్న మంచి నూనె అందింది. మూడో రోజుకు జిడ్డు గొట్టంలోకి వచ్చింది."

గుమ్మం దగ్గర తిమ్మయ్య గోడను పట్టుకున్నాడు. "నేనా? నేను చేసినానా ఇది?"

"ఆగు తిమ్మయ్యా, ఇంకా ఉంది." కృపారాణి రంగస్వామి వైపు తిరిగింది. "డీజిల్‌తో కడిగించి పొడిగుడ్డతో తుడిపించానన్నారు. దగ్గర నిలబడ్డానన్నారు."

"తిమ్మయ్య వయసు మళ్లినోడు, ఏదో అంటాడు."

"ఆ రోజు మీరు మదనపల్లెలో పెళ్లిలో ఉన్నారు. పెళ్లివారింటికి నిన్న ఏసన్న ఫోన్ చేశాడు. భోజనాల దగ్గర మీరే వడ్డించారట. మెచ్చుకున్నారు."

తౌఫీక్ గొంతు సవరించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"అది అబద్ధం. కానీ అబద్ధం నేరం కాదు," అంది కృపారాణి. "ఈ సీసా సంగతి వేరు. దీన్ని మీ అందరి ముందర నింపారు. అప్పుడు లోపల నూనె ఎలా ఉంది?"

"తేటగా ఉండె," అంది శివజ్యోతి. "తర్వాత కింద పేరుకుందని రంగస్వామి చెప్పినాడు."

"సీసాలోకి నీళ్లు రాలేదు, కాస్టిక్ రాలేదు. పేరుకోవడానికి కారణం లేదు. ఈ సీసా ముద్ర తీసి, నూనె పారబోసి, ట్యాంకు అడుగు నుంచి తోడి నింపారు. తెరవకముందే చెబుతున్నాను. గుడ్డ కింద నీలం ప్లాస్టిక్ మూత ఉండదు. నల్లటి రబ్బరు బిరడా ఉంటుంది. అది చేత్తో రాదు. కొయ్యాలి."

ఏసన్న లక్క పగలగొట్టి గుడ్డ విప్పాడు. నల్లటి బిరడా మూతిలోంచి పైకి పొంగి, పుట్టగొడుగులా విచ్చుకుని ఉంది. లాగాడు. రాలేదు. షబ్బీర్ కుర్చీలోంచి లేచి దాన్ని వేలితో ముట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి పాత వాచరు తీసి పక్కన పెట్టాడు. రెండూ ఒకేలా ఉన్నాయి.

"షబ్బీర్‌గారి ఫ్యాక్టరీలో ఎవరూ ఈ నూనెకు రబ్బరు బిరడా పెట్టరు," అంది కృపారాణి. "ఇది ఎండకు పగిలిన లక్క కాదు. కింద రబ్బరు ఉబ్బి, గుడ్డను ఎత్తి, లక్కను పగలగొట్టింది. లక్కను మంట మీద కరిగిస్తే ప్లాస్టిక్ మూత కూడా కరిగిపోయి ఉంటుంది. అప్పుడు అందుబాటులో ఉన్న బిరడా పెట్టి, ఈ షెడ్డులోని పార్సిళ్ల లక్కతో, ముద్రతో మళ్లీ మూశారు. బ్యాటరీల గదిలో ఒక నీళ్ల సీసాకు బిరడా లేదు, పేపరు కుక్కి ఉంది. ఆ గది తాళం, ఈ బీరువా తాళం ఒకే గుత్తిలో ఉన్నాయి. తౌఫీక్ ఆ రోజు తర్వాత ఇక్కడికి రాలేదు. షబ్బీర్‌గారిని రానివ్వలేదు. తిమ్మయ్య దగ్గర తాళాల్లేవు. దాచుకోవాల్సింది ఉన్నవాడు తాను కాస్టిక్‌తో కడిగానని అడిగినవాళ్లకల్లా గర్వంగా చెప్పడు."

గుత్తి ఇంకా రంగస్వామి చేతిలోనే ఉంది. అతను దాన్ని బల్ల మీద పెట్టాడు.

"బస్సులు ఆగినాయని ఫోన్ రాగానే ట్యాంకు మూత తీసి చూసినా," అన్నాడు. "తిమ్మయ్యను అడిగితే కాస్టిక్ అన్నాడు. నిలబడి తుడిపించినానని నేను అమ్మతో చెప్పేసింటి. కనుమలో ఎవరికన్నా ఏమన్నా అయింటే నన్నే జైల్లో పెట్టిందురు. భయపడినా. షబ్బీర్ సారు పై ఊరోడు, చదువుకున్నోడు, యాడన్నా బతుకుతాడులే అనుకున్యా."

"యాడ బతుకుతాడు?" అంది శివజ్యోతి. గొంతు పెంచలేదు. "పెండ్లికి పోయినందుకు నేనేం అనను రంగస్వామీ. పెండ్లిళ్లకు అందరం పోతాం. ఆగిన బస్సులో పిల్లలుండారని తెలుసు నీకు. ఎందుకు ఆగిందో తెలుసు. పక్క గదిలో నేను ఇంకొకాయన్ని దొంగ అంటాంటే వింటా కూర్చున్యావు. తాళాలు అట్లనే పెట్టు. ఇంటికి పో."

రంగస్వామి వెళ్లిపోయాడు.

శివజ్యోతి షబ్బీర్‌కు చేతులు జోడించింది. "సార్, నేనన్న మాటలు..."

"పిల్లలుండిన బస్సమ్మా. మీరు అట్ల అనకపోయింటే నాకు నచ్చకపోయుండు."

షబ్బీర్ గుమ్మం వైపు నడిచాడు. తిమ్మయ్య తల ఎత్తలేదు.

"సార్, నీ నూనె వస్తాందని నేను... నీకు మంచి చేయబోయి నీ కొంప ముంచితి సార్."

"మేడం నిన్ననే నాకు చెప్పినారు, నువ్వు ఆ ఊరి తిమ్మయ్యవని. గేటు కాడ నిలబడి పిలవకుండా పోతావా? ఆ మూడు దినాలు సంగటి, ఊరిబిండి నాకు ఎవరు పెట్టినారు? మీ ఇంటామె సుంకమ్మ బాగుండాదా?"

"బాగుండాది సార్. ఇప్పటికీ నిన్ను తలుచుకుంటాది."

"తిమ్మయ్యా, ఆ పొద్దు నేను ఈ పని మానేసి దుబాయి పోవాలని టికెట్టు గూడా చూసుకోని మీ ఊరికొచ్చినా, ఒక మాట చెప్పి పోదామని. మీ ఇంజను తిరిగె. మీ వాళ్లంతా నీళ్ల కింద చేతులు పెట్టి నిలబడుకుంటిరి. దుబాయి పోలా. ఇన్నేండ్లు ఈ పని చేసినానంటే మీ ఊరి వల్లనే. ట్యాంకు ఎట్ల తుడవాలో మేనేజరుకి చెప్పి పోయినా గానీ, తుడిచే మనిషికి చెప్పలా. అది నా పని."

తిమ్మయ్య పంచె అంచుతో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు చెప్పు సార్. ఎట్ల తుడవాలో."

ట్యాంకు ఖాళీ చేయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మూత తీసి గాలి ఆడనిచ్చాక షబ్బీర్ చొక్కా విప్పి ముందు తాను దిగాడు. తర్వాత తిమ్మయ్య దిగాడు. లోపలినుంచి వాళ్ల మాటలు డప్పులోంచి వచ్చినట్టు వినపడ్డాయి. తిమ్మయ్య బోరింజను ఇంకా నడుస్తోందని చెబుతున్నాడు. శివజ్యోతి తన బీరువాలోంచి పాత చీరలు తెప్పించి, పొడిగుడ్డలని లోపలికి అందించింది. ఓర్వకల్లు నుంచి కొత్త నూనె తేవడానికి తౌఫీక్ బయల్దేరాడు. పోయే ముందు ఏసన్న దగ్గర ఆగాడు.

"కోవా మరక సంగతి మేడం చెప్పినారంట గదా. వచ్చేటప్పుడు మీకు గూడా తెస్తాలే."

*

ఆ వారంలోనే ఫిల్టర్లు మార్చి మొదటి బస్సు నడిపారు. ప్రయాణికులెవరినీ ఎక్కించలేదు. తిమ్మయ్య మాత్రం ఎక్కి, వెనక సీట్లో కూర్చున్నాడు. శివజ్యోతి కోరిక మీద కృపారాణి, ఏసన్న మళ్లీ వచ్చారు. బస్సు వెనకే కారులో కనుమ ఎక్కారు. అద్దాలు దించితే బజ్జీల వాసన కారంతా నిండింది.

"ఈ కేసు మొదలైనప్పట్నుంచి ఆకలే మేడం," అన్నాడు ఏసన్న.

బస్సు ఆ రోజు ఆగిన మలుపు దగ్గరికి వచ్చింది. గేరు మారిన చప్పుడు వినపడింది. బస్సు వెనక అద్దంలోంచి చూస్తే తిమ్మయ్య ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. బస్సు మలుపు తిరిగి పైకి వెళ్లింది. అతను చేతులు వదిలాడు.

కృపారాణి ఫోన్ మోగింది. షబ్బీర్, ఓర్వకల్లు నుంచి.

"మలుపు దాటిందా మేడం?"

"దాటింది. పైకి ఎక్కేసింది."

ఫోన్లో ఫ్యాక్టరీ మోటార్ల చప్పుడు వస్తోంది.

"సరే మేడం. ఉంటా," అన్నాడు షబ్బీర్. "ఆ లారీ ఆయనకు గూడా ఫోన్ చేసి చెప్పాల."